షెడ్డు నిండా మనుషులే... యజమానికే తీరిక లేదు!

పక్క షెడ్డుకు పని పంపడం తెలిసిన ఆటోనగర్‌లో పక్క మనిషికి పని అప్పగించడమే గగనం

విజయవాడ: ఉదయం ఎనిమిదిన్నర దాటింది. లారీ బాడీలు కట్టే షెడ్డుకు షట్టరు ఇంకా దించే ఉంది. ముందు రోడ్డు మీద మేస్త్రీ, ఇద్దరు వెల్డర్లు, నలుగురు కుర్రాళ్లు టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. రాత్రి వచ్చి ఆగిన లారీలో డ్రైవరు ఆవులిస్తూ కూర్చున్నాడు. పని ఉంది. పని చేసే చేతులున్నాయి. లేనిదల్లా తాళంచెవి ఒక్కటే. అది యజమాని జేబులో ఉంది. రాత్రి పన్నెండింటి దాకా బిల్లులు రాసిన యజమాని ఇప్పుడిప్పుడే ఇంటి దగ్గర స్కూటరు తీస్తున్నాడు.

ఆయన వస్తాడు, షట్టరు లేస్తుంది. ఇక అక్కడి నుంచి మొదలు. ‘గురువుగారూ, ఈ ఛానలు ఎంతలో కోయమంటారు?’ ‘గురువుగారూ, పెయింటు అయిపోయింది.’ ‘గురువుగారూ, ఆ నెల్లూరు పార్టీ ఫోను చేస్తున్నాడు, ఏం చెప్పమంటారు?’ మధ్యాహ్నం కేరేజీ విప్పేసరికి మూడు గంటలు. ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే మళ్లీ ఫోను. రాత్రి ఇంటికి చేరేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. అప్పుడు మళ్లీ బిల్లుల పుస్తకం తీయాలి.

ఇది ఏ ఒక్కరి కథో కాదు. జవహర్ ఆటోనగర్‌లో ఏ రోడ్డులోకి మళ్లినా ఇలాంటి షెడ్డు ఒకటి ఎదురవుతుంది. ఆటోనగర్ దాకా ఎందుకు? ఊళ్లోని టిఫిను హోటలు, ఎరువుల కొట్టు, ప్రింటింగు ప్రెస్సు, రెడీమేడ్ దుకాణం... పది మంది పనిచేసే ఏ చోటైనా పదకొండో మనిషి పరిస్థితి ఇదే. జీతాలిచ్చే మనిషికే సెలవు లేదు.

బయట పంపకం, లోపల పోగు

విచిత్రమేమిటంటే, ఆటోనగర్ బతుకంతా పని పంచుకోవడం మీదే నడుస్తుంది. 1960 దశకంలో రూపుదిద్దుకున్న ఈ పారిశ్రామికవాడకు రెండు జాతీయ రహదారులు కలిసే ఊరు కావడం కలిసొచ్చింది. మద్రాసు - కలకత్తా దారి, హైదరాబాదు - బందరు దారి ఇక్కడే కలుస్తాయి. వచ్చే లారీకి కావలసిన పనులన్నీ ఒకే షెడ్డులో జరగవు. ఇంజను ఒకచోట దిగుతుంది. క్రాంకు గ్రైండింగుకు ఇంకో చోటికి పోతుంది. కమాను కట్టలు ఒకరు, రేడియేటరు ఒకరు, కరెంటు పని ఒకరు, టింకరింగు ఒకరు, సీట్లు ఒకరు, పెయింటింగు ఒకరు. బాడీ కట్టే యజమాని ఏనాడూ ‘రేడియేటరు కూడా నేనే చూస్తాను’ అనడు. ఆ పని వచ్చినవాడికి పంపుతాడు. ధర మాట్లాడుకుంటాడు, ఏ రోజుకు ఇవ్వాలో చెబుతాడు, వచ్చాక చూసి తీసుకుంటాడు. అప్పగించడమంటే అంతకంటే మరేమీ కాదు.

అదే మనిషి తన షట్టరు లోపలికి వచ్చేసరికి ఈ విద్య మరచిపోతాడు. కొలతలు తనే తీయాలి, సరుకు తనే తేవాలి, బేరం తనే ఆడాలి, బిల్లు తనే రాయాలి, బాకీ తనే వసూలు చేయాలి. చివరికి దీపం ఆర్పి తాళం కూడా తనే వేయాలి.

మూడు భయాలు

పని ఎందుకు అప్పగించరంటే యజమానుల నుంచి సాధారణంగా వచ్చే జవాబులు మూడు.

మొదటిది: ‘నా అంత బాగా ఎవడూ చేయడు.’ ఇది చాలా మటుకు నిజమే. ఇరవై ఏళ్లు చేతులకు గ్రీజు అంటించుకుని నేర్చిన పని నిన్న వచ్చిన కుర్రాడికి ఎలా వస్తుంది? కాని అన్ని పనులకూ ఆ ఇరవై ఏళ్ల అనుభవం కావాలా అన్నది ప్రశ్న. చేసిస్ చూసి ఏ లోడుకు ఏ బాడీ సరిపోతుందో చెప్పడానికి అనుభవం కావాలి. ఎస్టిమేటు వేయడానికి కావాలి. బండి బయటికి పోయే ముందు ఒకసారి చుట్టూ తిరిగి చూడడానికి కావాలి. పెయింటు డబ్బా కొనుక్కు రావడానికి, కరెంటు బిల్లు కట్టడానికి, పనివాళ్ల హాజరు రాయడానికి అక్కరలేదు.

రెండవది: ‘డబ్బు దగ్గర ఎవరినీ నమ్మలేం.’ ఇందులో కొంత అనుభవం ఉంది, కొంత అపోహ ఉంది. నమ్మకం వేరు, లెక్క వేరు. లెక్క లేని చోట నమ్మకం మీద భారం పడుతుంది. లెక్క ఉన్న చోట నమ్మకం దానంతట అదే పెరుగుతుంది.

మూడవది గట్టిగా చెప్పరు గాని అసలు భయం అదే: ‘పనంతా నేర్పితే రేపు ఎదురుగా షెడ్డు పెడతాడు.’ దీని సంగతి చివర చూద్దాం.

ముందు కాగితం మీద పెట్టాలి

తీరిక లేదనే మనిషిని ‘రోజంతా ఏం చేశారు?’ అని అడిగితే సరిగా చెప్పలేడు. అందుకే మొదటి పని ఒక వంద పేజీల నోటుపుస్తకం కొనడం. వారం రోజుల పాటు ఏ అరగంట దేనికి పోయిందో అందులో రాసుకోవాలి. వారం తిరిగాక ఆ పనులను మూడు వరసలుగా విడదీయాలి. తాను తప్ప ఇంకెవరూ చేయలేనివి ఒకటి. నేర్పితే ఇంకొకరు చేయగలిగినవి రెండు. ఇప్పుడే ఇంకొకరు చేయగలిగీ తన నెత్తిన ఉన్నవి మూడు. మొదటి వరస అనుకున్నంత పొడుగ్గా ఉండదు.

లెక్క ఒకటి చూడండి. నట్లు, బోల్టులు, వెల్డింగు రాడ్లు, పెయింటు తేవడానికి యజమాని రోజుకు అరగంట తిరుగుతున్నాడనుకుందాం. ఏడాదికి 300 పనిదినాలంటే 150 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున దాదాపు 19 రోజుల పని. ఒక కుర్రాడికి ఏ సరుకు ఏ కొట్టులో, ఏ రకం, ఏ ధరలో తేవాలో చెప్పడానికి రోజుకు అరగంట చొప్పున ఇరవై రోజులు పట్టిందనుకున్నా పది గంటలే. మొదటి ఏడాదే 140 గంటలు చేతికొస్తాయి. ‘వాడికి చెప్పే కంటే నేనే చేసేస్తే పోతుంది’ అనే మాట ఆ రోజు వరకే నిజం. ఏడాది లెక్క వేస్తే నిలవదు.

ఇంకో సంగతి కూడా ఉంది. చిన్న వ్యాపారాల్లో చాలా చోట్ల ‘పని అప్పగించాను’ అనే మాటకు అర్థం, బిల్లుల కట్ట ఇంటావిడ ముందు పడేయడమే. ఆవిడ వంటిల్లు సర్దుకుని రాత్రి పదింటికి లెక్కలు రాయడానికి కూర్చుంటుంది. ఏ పార్టీకి ఎంత గడువిచ్చారో ఆవిడకు చెప్పరు. రాయలేదేమని మాత్రం అడుగుతారు. భారాన్ని ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదకు మార్చడం అప్పగింత కాదు. ఆవిడ చేసేది నిజంగా ఆఫీసు పనే అయితే దానికి పగటి వేళ, ఒక కుర్చీ, జీతం, పార్టీతో మాట్లాడే అధికారం కూడా ఉండాలి.

సుగ్రీవాజ్ఞలో ఏముంది?

తెలుగువారికి ‘సుగ్రీవాజ్ఞ’ అంటే తిరుగులేని ఆజ్ఞ. కాని ఆ ఆజ్ఞ ఎలా ఇచ్చాడన్నది గమనించదగ్గది. సీతను వెదకడానికి వానరులను పంపేటప్పుడు సుగ్రీవుడు ‘పోయి చూసి రండి’ అని ఊరుకోలేదు. నాలుగు దిక్కులకు నాలుగు బృందాలను విడదీశాడు. ఒక్కొక్క బృందానికి దారిలో వచ్చే కొండలు, నదులు, దేశాలు వివరంగా చెప్పాడు. నెల రోజులు గడువు పెట్టాడు. దక్షిణానికి పోయే హనుమంతుడి చేతికి రాముడు తన ఉంగరం ఇచ్చాడు, అవతలివారు నమ్మడానికి.

చేయవలసింది ఏమిటి, ఎక్కడ, ఎప్పటిలోగా, ఏ అధికారంతో అన్న నాలుగూ అందులో ఉన్నాయి. ‘ఆ బండి సంగతి కాస్త చూడవయ్యా’ అనే మాటలో ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు. అదే, ‘గుడివాడ బండికి డాలా తలుపులు శుక్రవారం సాయంత్రంలోగా బిగించాలి. కొలతలు ఈ కాగితం మీద ఉన్నాయి. గడియలు, కీళ్లు మన మామూలు కొట్లో తెచ్చుకో, మూడు వేల దాకా నన్ను అడగక్కరలేదు’ అంటే అది అప్పగింత.

ఉంగరం మాట మరచిపోకూడదు. అధికారం ఇవ్వకుండా పని ఇవ్వడం ముందరికాళ్లకు బంధం వేసి పరుగెత్తమనడమే. సరుకు తెమ్మని కుర్రాణ్ణి పంపి, కొట్టువాడికి ఫోను చేసి చెప్పకపోతే అక్కడ అప్పు పుట్టదు. కుర్రాడు ఉత్త చేతులతో తిరిగి వస్తాడు. ‘చూశారా, వాడి వల్ల కాదు’ అని యజమాని తనే బయలుదేరుతాడు.

ఆ కథలోనే ఇంకో పాఠం ఉంది. దక్షిణానికి పోయిన అంగదుడి బృందానికి గడువు దాటిపోయింది. ఉత్త చేతులతో తిరిగి వెళితే సుగ్రీవుడి శిక్ష తప్పదని భయపడి, అక్కడే ఉపవాసముండి ప్రాణాలు విడుద్దామనుకున్నారు. యజమాని కోపానికి జడిసిన చోట జరిగేదిదే. తప్పు కోసిన రేకు బల్ల కిందకు పోతుంది. పార్టీ వచ్చి నిలదీసే దాకా ఆ సంగతి బయటపడదు. చెడ్డ కబురు ముందుగా తెచ్చినవాణ్ణి నలుగురిలో తిడితే రెండో చెడ్డ కబురు ఎవరూ తీసుకురారు.

ఎవరి కోతి ఎవరి భుజాన?

కోతుల మాట వచ్చింది కాబట్టి అమెరికా కోతి ఒకదాని గురించి కూడా చెప్పుకోవాలి. 1974లో ‘హార్వర్డ్ బిజినెస్ రివ్యూ’ పత్రికలో విలియం ఆంకెన్, డోనాల్డ్ వాస్ అనే ఇద్దరు రాసిన వ్యాసం వ్యాపార పాఠాల్లో నేటికీ వినిపిస్తుంది. చేయవలసిన పనిని వారు కోతితో పోల్చారు. పనివాడు వచ్చి ‘సార్, ఒక సమస్య వచ్చింది’ అంటాడు. యజమాని తొందరలో ఉండి ‘సరే, నేను చూసి చెబుతాలే’ అంటాడు. అంతే! అప్పటి దాకా పనివాడి భుజం మీద ఉన్న కోతి ఒక్క గెంతులో యజమాని భుజం మీదకు వచ్చేసింది. పనివాడు తేలిగ్గా వెళ్లిపోతాడు. సాయంత్రానికి యజమాని భుజాల మీద పదిహేను కోతులుంటాయి.

ఆటోనగర్ షెడ్డులో రోజూ జరిగేది ఇదే. ‘గురువుగారూ, ఏం చేయమంటారు?’ అన్నప్పుడు జవాబు చెప్పడం తేలిక. ‘నువ్వేం చేద్దామనుకుంటున్నావు?’ అని ఎదురు అడగడం కష్టం. మొదటి వారం మేస్త్రీ తెల్లమొహం వేస్తాడు. రెండో వారం రెండు దారులు ఆలోచించుకుని వస్తాడు. నెల తిరిగేసరికి ‘ఇలా చేశాను, మీకు చెబుదామని వచ్చాను’ అంటాడు. కోతి ఎవరిదో వారి దగ్గరే ఉండిపోతుంది.

అందరికీ ఒకేసారి పగ్గాలు వదలనక్కరలేదు. కొత్తవాడికి ‘చూసి వచ్చి చెప్పు’. కొంత నలిగినవాడికి ‘ఏం చేయాలో నువ్వే చెప్పు, నేను సరేనన్నాక చెయ్యి’. కుదురుకున్నవాడికి ‘చేసేసి సాయంత్రం చెప్పు’. పాత మేస్త్రీకి ‘తేడా వస్తేనే చెప్పు’. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో వారికి తెలియడం ముఖ్యం. ఈ రోజు ‘నువ్వే చూసుకో’ అని, రేపు ‘నన్నడక్కుండా ఎందుకు చేశావు?’ అని గద్దిస్తే ఎల్లుండి నుంచి చీపురుకట్ట కొనడానికి కూడా అడుగుతాడు.

సెల్‌ఫోను వచ్చాక ఈ జబ్బు ముదిరింది. కోసిన ప్రతి ముక్కకు వాట్సాప్‌లో ఫోటో పెట్టమనే యజమానులున్నారు. ఫోటో మంచి సాక్ష్యమే. రోజుకు ఒకసారి, సాయంత్రం ఆరింటికి చూసుకుంటే అది తనిఖీ. గంటకు పదిసార్లు చూస్తే షెడ్డును జేబులో పెట్టుకుని తిరుగుతున్నట్టే.

తాళాలు ఇవ్వవచ్చు, సంతకం ఇవ్వరాదు

అప్పగించేవారు ఎక్కువగా దెబ్బతినేది సంతకం దగ్గర. ఊరు వెళ్లే ముందు నాలుగు ఖాళీ చెక్కుల మీద సంతకాలు చేసి గుమాస్తా చేతిలో పెట్టే అలవాటు చాలామందికి ఉంది. ఇది దొంగ చేతికి తాళాలివ్వడం కాకపోయినా, తాళాలు వీధి అరుగు మీద పెట్టడం లాంటిదే. ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన చెక్కులో మిగతా వివరాలు వేరొకరు నింపినా, బాకీ కోసమే ఇచ్చినట్టు చట్టం మొదట భావిస్తుందని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. కాదని రుజువు చేసుకోవలసిన భారం సంతకం చేసినవారిదే. చెక్కు చెల్లకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

దీనికి మార్గాలున్నాయి. గుమాస్తా చెల్లింపుల వివరాలు నమోదు చేసి, యజమాని ఒప్పుకున్నాకే డబ్బు పోయే ఏర్పాటు బ్యాంకులు ఇస్తాయి. ఖాతాను చూడగలడు గాని డబ్బు తీయలేడు అనే పద్ధతీ ఉంది. చిల్లర ఖర్చులకు వారానికి ఇంత అని చేతికిచ్చి, రసీదులు చూశాకే మళ్లీ ఇవ్వడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. 2016లో వచ్చిన యూపీఐ వల్ల వసూళ్లు సులువయ్యాయి. అయితే గోడకు అంటించిన క్యూఆర్ కోడు షెడ్డు ఖాతాది కావాలి, గుమాస్తా సొంత ఫోనుది కారాదు.

జీఎస్టీ దగ్గరా ఇదే జాగ్రత్త. నెలవారీ రిటర్నులు వేసేవారికి అమ్మకాల వివరాల రిటర్ను మరుసటి నెల 11వ తేదీలోగా, పన్ను చెల్లించే రిటర్ను 20వ తేదీలోగా వేయాలి. పని లెక్కల మనిషికి అప్పగించవచ్చు. ప్రాక్టీషనరు చేత వేయించవచ్చు. కాని అందులో రాసినదానికి జవాబుదారీ మాత్రం వ్యాపారిదేనని చట్టం స్పష్టంగా చెబుతోంది. అందుకని ఓటీపీ రాగానే కళ్లు మూసుకుని చదివి చెప్పడం కాక, ఆ నెల అమ్మకం ఎంత, పన్ను ఎంత అన్న రెండు అంకెలు చూసి చెప్పాలి. పని ఇంకొకరికి ఇవ్వవచ్చు. పూచీ ఇవ్వడానికి వీల్లేదు.

పాత చట్టం ఒకటి ఈ సంగతులన్నిటికీ తల్లివేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఇచ్చిన అధికారం మేరకు ఏజెంటు చేసిన పనికి యజమాని కట్టుబడాలి. అధికారం లేకపోయినా ఉన్నట్టు అవతలివారు నమ్మేలా యజమాని మాటలు, చేతలు ఉంటే అప్పుడూ కట్టుబడాలి. ఏజెంటు అడిగినప్పుడు లెక్క చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, అధికారం తీసేసిన సంగతి బయటివారికి తెలిసే దాకా వారి విషయంలో అది రద్దయినట్టు కాదు. అంటే వసూళ్లు చేసే గుమాస్తా పని మానేసిన రోజే పార్టీలందరికీ ఆ కబురు పోవాలి. పోకపోతే, మానేసినవాడి చేతికి తెలియక డబ్బిచ్చిన పార్టీని మళ్లీ ఇమ్మనడం కష్టం.

షావుకార్లకు తెలిసిన విద్యే

ఇదంతా కొత్తగా నేర్చుకోవలసిన విద్య కాదు. వెనకటి షావుకార్ల కొట్లలో గుమాస్తా ఉండేవాడు. ఏ రోజు జమాఖర్చు ఆ రోజు చిట్టాలో రాయడం, దాన్ని ఖాతాల వారీగా ఆవర్జాలో ఎక్కించడం అతని పని. నిలవ సరిచూసుకోవడం షావుకారు పని. సరుకు అమ్మేది ఒకరు, లెక్క రాసేది ఒకరు, సరిచూసేది ఇంకొకరు. ఒకే మనిషి చేతిలో ఈ మూడూ పెట్టకపోవడంలోనే కిటుకంతా ఉంది. నమ్మకస్తుడైన గుమాస్తాకు లెక్క అడగడం అవమానం కాదు. రేపు ఏదైనా తేడా వస్తే తన మీద మాట రాకుండా అతన్ని కాపాడేది ఆ లెక్కే.

ఇక్కడ జీతం మాట కూడా చెప్పుకోవాలి. బాధ్యత పెంచి జీతం పెంచకపోతే అప్పగింత వెట్టిచాకిరీగా మారుతుంది. యజమాని లేకుండా షెడ్డు నడిపే మేస్త్రీకి మిగతావారితో సమానంగా కూలి లెక్కగడితే ఆ షెడ్డు ఎక్కువ కాలం అలా నడవదు.

ఎదురు షెడ్డు పెడితే?

ఇక మూడో భయం. నేర్చుకున్నవాడు వెళ్లిపోయి సొంతంగా పెట్టుకుంటే? పెట్టుకోవచ్చు. కొందరు తప్పక పెట్టుకుంటారు. ఈ మాట దాచి లాభం లేదు. కాని ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుకోవాలి. ఈ రోజు షెడ్డు యజమానుల్లో ఎందరో ఒకప్పుడు ఇంకొకరి షెడ్డులో స్పానరు అందించిన కుర్రాళ్లే. ఎవరో ఒక గురువు పని నేర్పబట్టే వాళ్లు యజమానులయ్యారు. ఒక షెడ్డులోంచి ఇంకో షెడ్డు, దానిలోంచి మరొకటి పుట్టబట్టే ఆటోనగర్ ఇంత పెరిగింది.

నేర్పకపోతే మాత్రం వెళ్లిపోరా? పని నేర్పని చోట పనిమంతుడు అసలు ఉండడు. నేర్చుకునే ఆశ లేనివాడే మిగులుతాడు. అప్పుడు యజమాని భయపడ్డదానికంటే పెద్ద నష్టం ఇంట్లోనే కూర్చుంటుంది.

చేయగలిగింది మాత్రం ఉంది. ఒక్కడికే అన్నీ నేర్పకుండా ప్రతి పనికి ఇద్దరిని తయారు చేయాలి. కొలతలు, ధరలు, పార్టీల వివరాలు ఒకరి బుర్రలో కాక పుస్తకంలో ఉండాలి. వెళ్లేవాడితో తగవు పెట్టుకోకుండా పంపాలి. ఆటోనగర్‌లో ఎదురు షెడ్డువాడు పోటీదారే, రేపు పని ఎక్కువైనప్పుడు పంచుకునేవాడూ అతనే.

పది రోజుల పరీక్ష

యజమాని పది రోజులు కనిపించకపోతే షెడ్డు నడుస్తుందా? ప్రతి చిన్న వ్యాపారీ తనకు తాను పెట్టుకోవలసిన పరీక్ష ఇది. 2020, 2021లలో కోవిడ్ ఈ పరీక్షను అడగకుండానే పెట్టింది. ఎవరి దగ్గర ఎంత రావాలో, ఎవరికి ఎంత ఇవ్వాలో యజమాని ఒక్కడికే తెలిసిన చోట, ఆయన ఆస్పత్రి మంచం ఎక్కగానే వ్యాపారానికి నోరు పడిపోయింది. బీరువా తాళంచెవి ఇంట్లో ఉంది గాని బ్యాంకు పాస్‌వర్డు ఎవరికీ తెలియదు. నోటి లెక్కన ఇచ్చిన అప్పులకు సాక్ష్యం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ప్రయోజనమేముంది?

ఈ పరీక్షకు జబ్బు చేసే దాకా ఆగనక్కరలేదు. ముందు ఒక పూట చాలు. గురువారం ఉదయం షెడ్డుకు పోకుండా ఉండి చూడాలి. ఫోను మోగినా ఎత్తరాదు. మధ్యాహ్నం వెళ్లి ఎక్కడెక్కడ పని ఆగిందో రాసుకోవాలి. ఆగిన ప్రతి చోటా అప్పగించవలసిన పని ఒకటి ఉన్నట్టే. వచ్చే నెల ఒక రోజు. ఆపై నెల మూడు రోజులు. అలా పది రోజుల దాకా.

మిగిలిన గంటలను ఏం చేయాలన్నది యజమాని ఇష్టం. కొత్త పార్టీల దగ్గరికి పోవచ్చు. నెలల తరబడి నిలిచిపోయిన బాకీల మీద కూర్చోవచ్చు. కొత్తగా వస్తున్న బండ్లకు ఏ పని అవసరమో నేర్చుకోవచ్చు. బీపీ చూపించుకోవచ్చు. లేదా, వేళకు ఇంటికి పోయి పిల్లలు మెలకువగా ఉండగా వారితో కలిసి అన్నం తినవచ్చు. ఈ చివరిది ఏ లెక్కల పుస్తకంలోనూ జమ పడదు గాని, ఇన్నాళ్లూ ఇంత కష్టపడింది దానికోసమే.

మొదలు పెట్టడానికి పెద్ద ఏర్పాట్లేవీ అక్కరలేదు. షట్టరుకు రెండో తాళంచెవి చేయించడానికి ఎంతో ఖర్చు కాదు. అది మేస్త్రీ చేతిలో పెట్టి, ‘రేపు ఎనిమిదింటికి నువ్వే తియ్యవయ్యా, నేను పదింటికి వస్తాను’ అంటే చాలు. మర్నాడు ఎనిమిదింటికి వెల్డింగు మెరుపులు మొదలవుతాయి. ఆ రోడ్డు మీద టీ గ్లాసులు పట్టుకుని ఎదురుచూసేవారు ఉండరు.